రేకు మనిషికి కుర్చీ

ఆ రోజుల్లో ఆదివారం పొద్దున టీవీలో వచ్చిన అంతరిక్షం సీరియల్ గురించి ఇప్పుడు ఎవరైనా మురిసిపోతూ మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. నరసరావుపేటలో మా ఇంట్లో ఆ సీరియల్ ఒక్క వారం కూడా తప్పకుండా నడిచింది. నేను ఒక్క వారం కూడా తప్పకుండా ఆ గదిలోనే ఉన్నాను. అయినా కథ చెప్పమంటే సరిగ్గా చెప్పలేను. చూసినవాళ్ళ మొహాలు ఎట్లా ఉండేవో అడగండి, పూసగుచ్చినట్టు చెప్తాను. ఎందుకంటే అది నడిచినంతసేపూ నేను టీవీ పక్కన నిలబడి, దాని వెనక్కి చెయ్యి పోనిచ్చి, వైరు నొక్కి పట్టుకుని ఉండేదాన్ని. నాకు ఎదురుగా కనిపించేది తెర కాదు, నోళ్ళు తెరుచుకుని కూర్చున్న జనం.

పెళ్ళయి నేను ఆ ఇంటికి వెళ్ళిన ఏడాదే టీవీ కొన్నారు. నలుపు తెలుపు బొమ్మ. మా వీధికంతటికీ అదొక్కటే. కొన్న కొత్తలో బాగానే వచ్చేది. ఒకనాటి గాలివానకు డాబా మీది యాంటెన్నా విరిగి పడింది. పడుతూ పడుతూ దాని వైరు కింద ఉన్న టీవీని కూడా ఒక్క గుంజు గుంజింది. యాంటెన్నాను మళ్ళీ నిలబెట్టారు గానీ బొమ్మ నిలబడలేదు, అన్నీ చుక్కలే. వెనకాల వైరు లోపలికి పోయే చోట వేలితో నొక్కితే బొమ్మ వస్తుందని కనిపెట్టింది నేనే. కనిపెట్టి నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

లోపల ఏదో వదులైంది, వెనక మూత తీసి చూడండి అని మా ఆయనకు ఆ రోజే చెప్పాను. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని, ఆ మాత్రం తెలుసు.

"మూత తీస్తే గ్యారంటీ పోద్దంట. షాపాయన చెప్పాడు," అన్నాడాయన.

"అయితే ఆ షాపాయన్నే పిలవండి."

"పిలుస్తాలే."

ఆ 'పిలుస్తాలే' అన్న మాట సీరియల్ అయిపోయేదాకా బతికింది. పోనీ తను వచ్చి పట్టుకుంటాడా అంటే అత్తయ్య పట్టుకోనివ్వలేదు. "కరెంటు వస్తువు. మగపిల్లోడు, వాడెందుకు దాంట్లో చెయ్యి పెట్టడం? నీ హస్తవాసి మంచిదే, నువ్వే పట్టుకో," అంది. మగపిల్లాణ్ణి కొట్టే కరెంటు ఆడపిల్లను కొట్టదని ఏ ఫిజిక్స్ పుస్తకంలోనూ నేను చదవలేదు. డాక్టర్లకు ఉండాల్సిన హస్తవాసిని తెచ్చి నాకు అంటగట్టారు. మంచి పేరు వచ్చిన తర్వాత ఇంక వదిలించుకోవడం ఎవరి తరం?

ఎదురింటి అక్క ఒకసారి జాలిపడి నా బదులు పట్టుకుంది. బొమ్మ రెండుగా చీలింది. "వదులు వదులు, నీ చెయ్యి కుదర్లా," అని గదంతా గోల చేసింది. ఇంకాస్త గట్టిగా నొక్కితే కుదిరేదే. అంత ఓపిక ఎవరికుంది? నన్నే మళ్ళీ నిలబెట్టారు.

నాకు ఆ సీరియల్ చూడాలని నిజంగా ఉండేది. మాచర్లలో చదువుకునే రోజుల్లో శనిగ్రహం చుట్టూ వలయాలుంటాయని మా సైన్సు మేష్టారు చెప్పిన నాటి నుంచీ నాకు ఆకాశమంటే పిచ్చి. ఒక్క ఆదివారం, ఒకే ఒక్క ఆదివారం, టీవీకి ఎదురుగా చాప మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూడాలి. అంతకు మించి ఏమీ కోరలేదు. నేను నిలబడ్డ చోటి నుంచి ఏటవాలుగా చూస్తే తెర మీద అందరి మొహాలూ సొరకాయల్లా సాగి కనపడేవి. అంతరిక్ష నౌక నడిపే కెప్టెన్ అందగాడని అందరూ అంటుంటే నమ్మాల్సిందే తప్ప నేను చూసింది లేదు.

మిరపకాయల కాలం కావడంతో వీధిలో ఆడవాళ్ళు గంపలతో సహా వచ్చేవాళ్ళు. తొడిమలు తీయడం కూలిపని. చేతులకు తీరిక ఉండదు, కళ్ళకు ఉంటుంది. అక్కడ అంతరిక్ష నౌక లేవడం, ఇక్కడ గదంతా తుమ్మడం ఒకేసారి మొదలయ్యేవి. ఒక చేత్తో వైరు నొక్కిపట్టి, ఇంకో చేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నేను దగ్గుతుంటే బొమ్మ ఊగేది. "ఏమే, కదలకుండా దగ్గు," అని కేక వచ్చేది.

సీరియల్ హిందీ. మా గదిలో హిందీ తెలిసింది ఎదురింటి అక్క ఒక్కదానికే. లారీల మెకానిక్ భార్య, వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడతారు. అందరికీ తెలుగులో చెప్పే పని ఆమె మీద పడింది. పడిందనడం తప్పు, ఆమే లాక్కుంది. చెప్పేదాని కంటే కలిపేది ఎక్కువ. కెప్టెన్ 'చలో' అని ఒక్క మాట అంటే, "వాళ్ళమ్మ గుర్తొచ్చిందంట, ఇంటికి పోదామంటన్నాడు," అనేది.

"ఇందులో అమ్మ ఎక్కడుందక్కా?" అని నేను టీవీ పక్కనుంచి అడిగేదాన్ని.

"ఉండదా ఏంది? అమ్మ లేకుండానే పుట్టాడా?"

గదంతా ఆమె వైపే. నేను వైరు వైపు.

నాదెండ్ల నుంచి అత్తయ్య తమ్ముడు కూడా ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. నాకు బాబాయి వరస. ఊళ్ళో పొలాలతో పాటు పార్టీ వ్యవహారాలు చూసే మనిషి. కెప్టెన్‌ను చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఈణ్ణి ఎవురు ఎన్నుకున్నారు?" అని. కొత్త గ్రహం మీద దిగినప్పుడల్లా, "నేల చానా బాగుంది. బోరేస్తే నీళ్ళు పడతయ్యంటావా?" అనేవాడు. ఒక వారం తెల్లటి రాళ్ళగుట్టల గ్రహం ఒకటి వచ్చింది. బాబాయి లేచి నిలబడ్డాడు. "ఇది దాచేపల్లి క్వారీరా! లారీలో పోతా ఎన్నిసార్లు చూడలా? ఆ మలుపు తిరిగితే సిమెంటు ఫ్యాక్టరీనే," అన్నాడు. గది మొత్తం ఒప్పుకుంది. అక్కడితో కెప్టెన్ గురించి ఎవరికీ భయం లేకుండా పోయింది. మరీ ప్రాణం మీదికి వస్తే నడికుడి దాకా నడిచి రైలెక్కేస్తాడని తేల్చేశారు.

నాకు ఉండబట్టలేదు. "అది వేరే గ్రహం బాబాయ్. అక్కడ గాలి కూడా ఉండదు," అన్నాను.

"గాలి లేకపోతే కెప్టెన్ పక్కనున్న ఆ పిల్ల చున్నీ ఎట్టా ఎగురుతుందమ్మాయ్?"

నిజం చెప్పాలంటే ఆ చున్నీ మీద నాకూ కోపంగానే ఉండేది.

ఇంత గోలలోనూ మా వీధి అసలు మనసు పడింది కెప్టెన్ మీద కాదు, ఆ చున్నీ పిల్ల మీదా కాదు, రేకు మనిషి మీద. ఆ నౌకలో ఒక మరమనిషి ఉండేవాడు. అట్టపెట్టెలకు వెండికాగితం అంటించి లోపల ఎవరినో నిలబెట్టారని నాకు పక్కనుంచి చూసినా తెలుస్తూనే ఉంది. తలుపులు తీసేవాడు, బరువులు మోసేవాడు, పిలిస్తే పలికేవాడు. మా వీధిలో సీరియల్ అసలు పేరు ఎవరూ పలకలేదు. 'రేకోడి సీరియల్' అనే అనేవాళ్ళు.

నౌకలోని వాళ్ళంతా గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని తింటున్న ఒక వారం అత్తయ్య కళ్ళు వాడి మీద పడ్డాయి. "ఏమే, వాడికి పెట్టరేంది?" అంది.

"వాడు యంత్రం అత్తయ్యా. ఆకలుండదు."

"ఆకలి లేకపోతే పోనీ, కూకోమనొచ్చుగా. పొద్దస్తమానం నిలబడే ఉంటన్నాడు. కాళ్ళు పీకవా?"

"రేకు కాళ్ళకు నొప్పేంటి?"

"రేకైతే మాత్రం? వాడు చేసే చాకిరీ చాకిరీ కాదా?"

తొడిమలు తీసేవాళ్ళంతా తలలూపారు. నడుములు పడిపోయేలా పని చేసేవాళ్ళకు ఆ మాట ఎక్కడో తగిలింది. ఆ రోజు నుంచి రేకు మనిషి తెర మీదికి వస్తే చాలు, ఆ గదిలో అయ్యో పాపాలు. "ఒరేయ్, ఆ రేకోడికి ఎవరన్నా కుర్చీ వెయ్యండ్రా!" అని అత్తయ్య తెర మీది కెప్టెన్‌ను గదమాయించేది. అలా గదమాయిస్తున్నప్పుడు ఆమె చూపు నా మోచేతి మీదుగానే పోయేది. వెంటనే నా వైపు తిరిగి, "ఏమే, గట్టిగా పట్టుకో. రేకోడు సరిగ్గా కనపడటంలా," అనేది. నేను గట్టిగా పట్టుకునేదాన్ని. పళ్ళు కూడా అంతే గట్టిగా బిగపట్టేదాన్ని.

ఒకసారి వాడికి శక్తి అయిపోయి నిలబడ్డ చోటే ఆగిపోయాడు. ఆ పూట అత్తయ్య ఉప్మా ముట్టలేదు. వారమంతా ఇంటికి ఎవరొచ్చినా అదే మాట, ఎవరింట్లోనో మనిషి పోయినంత దిగులు. పై వారం వాడు మళ్ళీ కదిలాడు. అత్తయ్య దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరి కోరి పచ్చడి చేసింది నేను, వచ్చినవాళ్ళందరికీ కాఫీలు కలిపిందీ నేనే.

చివరి భాగం రాబోతోందని తెలిసినప్పుడు మా ఆయన్ను గట్టిగానే అడిగాను, ఈ ఒక్క వారమైనా ఆ షాపాయన్ను పిలవమని. "ఇంకొక్క వారమేగా. అయిపోయిన తర్వాత తీరిగ్గా చూద్దాం," అన్నాడు. అయిపోయిన తర్వాత చూడటానికి ఏముంటుందని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే సీరియల్ కోసం ఏడ్చిందంటారని ఏడవలేదు.

ఆ ఆదివారం గదిలో సూది మోపే చోటు లేదు. నేను నా చోట నిలబడ్డాను. కథ చివరికొచ్చేసరికి నౌక తిరిగి బయలుదేరబోతోంది, ఏదో తంటా వచ్చింది. ఎదురింటి అక్క ఈసారి ఏమీ కలపకుండా చెప్పింది. "బరువు ఎక్కువైందంట. ఒకరు దిగిపోవాలంట. రేకోణ్ణి దించేద్దామంటన్నారు."

గది భగ్గుమంది. అత్తయ్య లేచి నిలబడింది. "ఎంత అన్యాయం! ఇన్నాళ్ళూ నిలబెట్టి చాకిరీ చేయించుకున్నారు. కూకో నాయనా అన్న పాపాన పోయినోడు ఒక్కడు లేడు. పక్కనే నిలబడ్డోడు వాళ్ళకు కనపడడా? కళ్ళు పోయినయ్యా?"

"అత్తయ్యా, నేనూ నిలబడే ఉన్నాను," అన్నాను.

అరవలేదు. మామూలుగానే అన్నాను. అందుకేనేమో అందరికీ వినపడింది.

"ఏందే?"

"మొదటి వారం నుంచీ ఇక్కడే నిలబడి ఉన్నాను. నన్ను ఒక్కరోజన్నా కూర్చోమన్నారా?"

తొడిమలు తీసే చేతులు ఆగిపోయాయి. అత్తయ్య నా వైపు చూసింది. టీవీని కాక, విడిగా నన్ను ఆమె చూడటం ఆ గదిలో అదే మొదటిసారి. అప్పుడు అంది, "నీకు నోరుంది గదే. అడగొచ్చుగా. వాడికి అడగటం రాదు."

నా ఒళ్ళంతా భగ్గుమంది. మూత తీయండి, షాపాయన్ను పిలవండి అని ఇన్ని వారాలుగా నేను మొత్తుకున్నది ఏమిటి మరి? అడగటం అంటే ఇంకెట్లా ఉంటుంది? వైరు వదిలేశాను.

బొమ్మ పోయింది. మాట కూడా గరగరలో కలిసిపోయింది. నేను టీవీ చుట్టూ తిరిగి ముందుకొచ్చాను. గంపలు జరిగాయి. సరిగ్గా తెరకు ఎదురుగా, చాప మధ్యలో కూర్చున్నాను.

"ఒక్క ఐదు నిమిషాలు పట్టుకుంటే..." అని మా ఆయన మొదలుపెట్టాడు.

"నువ్వు నోరు ముయ్యి," అంది అత్తయ్య. బాబాయి వైరు దగ్గరికి పోదామని సగం లేచాడు. "నువ్వు కూడా కూకో," అంది ఆయనతో. తనూ కూర్చుంది.

అందరం చుక్కలు చూస్తూ కూర్చున్నాం. ఎదురింటి అక్క అలవాటు కొద్దీ నోరు తెరిచి మూసుకుంది. నన్ను లెమ్మని ఒక్కరూ అనలేదు. నేను లేవలేదు. రేకు మనిషిని తీసుకుపోయారో, ఆ రాళ్ళలో వదిలేసి పోయారో మా వీధిలో ఎవరికీ ఇప్పటికీ తెలియదు.

మర్నాడు సాయంత్రం మా ఆయన ఎవరూ చెప్పకుండానే స్క్రూడ్రైవర్ తెచ్చుకుని టీవీ వెనక మూత తీశాడు. కరెంటు మాట అత్తయ్య ఎత్తలేదు, గ్యారంటీ మాట ఆయనకు గుర్తు రాలేదు. లోపల వైరును పట్టి ఉంచే స్క్రూ ఒకటి వదులైంది. రెండు తిప్పులు తిప్పాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. ఇన్ని వారాలు ఆ ఇంట్లో నేను చేసింది అంత చిన్న స్క్రూ చేసే పని.

"ఏమే, ఇట్టా వచ్చి కూకో. బాగా వస్తాంది," అని అత్తయ్య వంటింట్లో ఉన్న నన్ను పిలిచింది. వెళ్ళి కూర్చున్నాను. పత్తికి ఏ ఎరువు ఎప్పుడు వెయ్యాలో ఎవరో చెప్తున్నారు. మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చింది, అయినా లేవలేదు.