చెబితే విరిగే మందు

1961 ఎండాకాలం. కరీంనగర్ జిల్లాలో ఒక తాలూకా ఆసుపత్రిలో నేను నర్సుని. మా కాజువాలిటీ, అంటే ప్రాణం మీదికి వచ్చినవాళ్ళను ముందుగా చూసే గది, ఒక బల్ల, ఒక తెర, ఒక రిజిస్టరు. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు, చుట్టుపక్కల ఊళ్ళకు ఇంకేం దిక్కుందో చెప్పి నవ్వాలి.

ఒక మధ్యాహ్నం కొండగట్టు అంజన్న గుడికి పోతున్న ఎడ్లబండి మా గేటు దగ్గర ఆగింది. బండిలో మల్లయ్య అనే రైతు. గాలిలో లేని మిరపకాయలు తెంపుతున్నాడు.

"వారం కింద కుక్క కరిచింది. పొద్దుగాల సంది గిట్లనే చేస్తుండు. అంజన్న దగ్గరికి తీస్కపోతున్నం. ఎండకు సోలిపోతే గీడ ఆగినం," అంది భార్య లచ్చవ్వ.

కుక్క కరిచింది, పిచ్చి లేచింది. ఇంకేం ఆలోచించాలి? రిజిస్టరులో హైడ్రోఫోబియా అని రాసేశాను. కుక్కకాటు ముదిరి, నీళ్ళు చూస్తేనే గొంతు బిగుసుకుపోయే జబ్బు. వచ్చాక మందు లేదు. విడిగదిలో పడుకోబెట్టి గొళ్ళెం పెట్టడమే.

పెట్టబోతుంటే లచ్చవ్వ చెంబు అందించింది. అతను గటగటా తాగి ఇంకా ఇమ్మన్నాడు. నాకు అయోమయం. ఆ జబ్బున్నవాడు నీళ్ళు తాగడే. డాక్టరు గారిని పిలిచాను. కనుపాపలు బాగా విప్పారాయి, ఒళ్ళు కాలుతోంది, చెమట చుక్క లేదు.

"ఏదో తినిపించారు. అదేమిటో తెలిస్తే బతికించొచ్చు. అడగండి," అన్నారాయన.

"ఏం మందు పెట్టిన్రు?"

"ఏం పెట్టలే నర్సమ్మా."

"మరి గాలి తిన్నడా? నీ మొగడు చేతులకెల్లి పోతుండు, నువ్వు నాతోని దాగుడుమూతలాడుతున్నవ్."

లచ్చవ్వ ఏడ్చింది. "చెప్తే మందు ఇరుగుతది, మనిషి దక్కడు. పసరు పోసినాయన ఒట్టు వెట్టిచ్చుకున్నడు. నన్నేం జెయ్యమంటవ్?"

వాదనలో నేను ఓడే మనిషిని కాదు. కానీ ఆమె మొగుడి ప్రాణం కోసమే నోరు మూసుకుంది, నేను ఆ ప్రాణం కోసమే తెరవమంటున్నాను. ఎవరిని ఏమని గెలవాలి?

"నోటితోని చెప్పకు. మా పెరట్లకు పోయి, పసరు ఏ చెట్టుదో ఆ చెట్టు పక్కన ఊకె నిలబడు," అన్నాను చివరికి.

లచ్చవ్వ వెళ్ళి, గోడవార మొలిచిన ఉమ్మెత్త పక్కన మొహం అటు తిప్పుకుని నిలబడింది.

పిచ్చి కుక్కది కాదు, ఉమ్మెత్త విషానిది. వెంటనే స్టమక్ ట్యూబు వేసి, అంటే గొట్టంతో కడుపు కడిగి, తడిగుడ్డలు కప్పాం. మర్నాటికి మల్లయ్యకు తెలివి వచ్చింది. ఎడ్లకు నీళ్ళు పెట్టలేదని భార్యను తిట్టడమే మొదటి మాట.

కుక్కకాటు మాత్రం అలాగే ఉంది. ఆ జబ్బు రాకుండా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయాలి. లచ్చవ్వ ససేమిరా అంది. "మందు ఇరగలే గద. నేను నోరిప్పలే గద. సూదులెందుకు?"

నా ఉపాయం నా మెడకే చుట్టుకుంది. కాలేజీలో చదివిన నేను అప్పుడేమన్నానో రాయాలంటే సిగ్గే.

"గీ సూది గూడ గసొంటిదే. ఎవ్వలకు చెప్పకుంటెనే పనిచేస్తది. ఒట్టు వెయ్యి."

వేసింది. పద్నాలుగు రోజులూ మొగుణ్ణి తీసుకొచ్చింది. మల్లయ్య దక్కాడు.

లచ్చవ్వ ఒట్టు కూడా తప్పలేదు, సూది సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. తర్వాత నేనక్కడున్న నాలుగేళ్ళలో ఆ ఊరినుంచి కుక్క కరిచిందని ఒక్కరూ సూదికి రాలేదు. ఆ ఊళ్ళో కుక్కలు లేక కాదు. మా గదిలో ఒక మనిషిని నిలబెట్టిన మాట ఒక ఊరిని గేటు బయటే ఆపగలదని అప్పుడు తెలిసింది. ఆ ఒట్టు వేయించకుండా ఉండాల్సిందా అంటే, అప్పుడు మల్లయ్య ఏమయ్యేవాడు? ఇన్నేళ్ళూ అందరితో వాదించి గెలిచాను. ఈ ఒక్కటీ నాతో నేనే తేల్చుకోలేకపోయాను.