టేకు అచ్చుకు పెట్టవలసిన వాలు

మూడు టేకు అచ్చులు, ఒక యంత్రం, ఆరేళ్ల కష్టం. మా భాగస్వామి ప్లాస్టిక్ ట్రేల షెడ్డుకు తాళం మార్చిన రోజు నేను పోగొట్టుకున్నవి ఇవి.

మరుసటి ఏడాది తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో ఒకతను ఒళ్లో కొత్త అచ్చు పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. నా చెయ్యి ఊరుకోక దాని అంచు తడిమింది.

“ఈ పని తెల్సినట్టుండాదే అన్నా!”

“ఒకప్పుడు చేసినాలే. నువ్వు యాడ చేస్తాండావు?”

అతను మా భాగస్వామి పేరే చెప్పాడు. “ముందుండిన మేస్త్రి దొంగంట, తరిమేసినారంట. ఇప్పుడు నా అచ్చుమీద పరిచిన వేడి ప్లాస్టిక్ షీటు చల్లారితే బిగుసుకుంటాది, పీకితే చీలిపోతాది. రేపటికి సరిచెయ్యకపోతే ఇంటికి పొమ్మన్నాడు సావుకారు. ఏం చేసేదన్నా?”

అచ్చు పక్కలు నిట్టనిలువుగా ఉన్నాయి. ఓ ఐదు డిగ్రీలు వాలుగా చెక్కితే షీటు సులువుగా ఊడి వస్తుంది.

“అచ్చు బాగానే ఉండాదప్పా. ఇంకా మందం షీటు కొనమను మీ సావుకారును,” అన్నాను. మందం షీటు ఇంకా గట్టిగా పట్టేస్తుందని నాకు తెలుసు.

దిగేటప్పుడు అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆ షెడ్డులో మందం షీట్లు కట్టలకు కట్టలు పాడయ్యాయని విని నా కడుపు చల్లబడింది. అతన్ని పనిలోంచి తీసేశారని కూడా విన్నాను. అతనికి ఈనాటికీ నేను బాకీ ఉన్నది ఐదు డిగ్రీలు.