అమ్మ ముగ్గూ, చిన్నాన్న రెండో ఫ్లాపీ

మా చిన్నప్పుడు... కంప్యూటర్ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పి, కాళ్లు తుడుచుకుని, గుడిలోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం. గట్టిగా మాట్లాడితే మెషిన్ పాడైపోతుందని నాకు గట్టి నమ్మకం.

ఎనభైల చివరి మాట. కోరాపుట్ దగ్గర ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఉండేవాళ్లం. నాన్న ఫిట్టర్. మా చిన్నాన్న అక్కడే ట్రైనింగ్ సెంటర్లో ఇన్‌స్ట్రక్టర్, మా క్వార్టర్లోనే ఉండేవాడు. సెంటర్ మొత్తానికి ఒకటే కంప్యూటర్... దానికి ఏసీ, మనుషులకి పంకా.

ఇప్పటి పిల్లలకి చెప్పాలి. ఆ మెషిన్‌కి సొంత బుర్రంటూ ఉండేది కాదు. స్విచ్చి వేసే ముందు ఏ ఫ్లాపీ పెడితే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌తో లేచేది. పల్చటి నల్ల అట్టముక్కలా ఉండేది ఫ్లాపీ. ఒకటి ఆఫీసుది... దాంతో లేస్తే స్టోర్స్ సామాను పేర్లు వరసగా చూపించేది. రెండోది చిన్నాన్నది, విశాఖలో స్నేహితుడు ఇచ్చింది. దాంతో లేస్తే అదే మెషిన్ గీతలు గీసేది, బొమ్మలు వేసేది. నాకైతే ఆఫీసు ఫ్లాపీ మేష్టారు, రెండోది మేనత్త.

ఆ రెండో సిస్టమ్‌లో చిన్నాన్న మా అమ్మ ముగ్గు ఎక్కించేడు. పొద్దున్నే అమ్మ గుమ్మం ముందు చుక్కలు పెడుతుంటే టీ గ్లాసు పట్టుకుని పక్కన కూచునేవాడు. ఏ చుక్క తరవాత ఏ చుక్క, గీత ఎక్కడ తిరుగుతుంది... ఒకటే ప్రశ్నలు. మగాడివి నీకెందుకయ్యా ఈ ముగ్గులని అమ్మ నవ్వేది గానీ, లోపల భలే మురిసిపోయేది. వానకి చెరిగిపోని ముగ్గట అని ఇరుగుపొరుగుకంతా చెప్పుకుంది.

సెంటర్ పెద్దసారుకి మాత్రం ఇదంతా గిట్టేది కాదు. ఒక మెషిన్‌కి రెండు సిస్టమ్‌లేమిటి, ఆటలా అనేవారు. చివరికి ఒక మాట ఇచ్చేరు. విశ్వకర్మ పూజనాడు అందరి ముందూ నడిపి చూపించు, బాగుంటే ఉంచుకో... లేదంటే ఆ ఫ్లాపీ మళ్లీ గదిలోకి రాకూడదు.

కాపీ తీసుకోడానికి ఇంకో ఫ్లాపీ లేదు. ఆఫీసువాళ్లు ఇవ్వరు. రాయగడలో కిరాణా కొట్టున్న మావయ్యకి కబురు పెడితే, "అదేటి, తినేదా?" అని తిరుగు కబురొచ్చింది.

విశ్వకర్మ పూజంటే మా టౌన్‌షిప్‌కి పెద్ద పండగ. చిన్నాన్న వెంట నాలాంటి పిల్లలు ఎప్పుడైనా దూరినా, ఇంటివాళ్లందరినీ లోపలికి రానిచ్చేది ఆ ఒక్కరోజే. లేత్ మెషిన్లకి దండలు, సుత్తులకీ స్పానర్లకీ బొట్లు. కంప్యూటర్ గదిలో కూడా దేవుడి పటం పెట్టి, దాని ముందు చిన్నాన్న తన ఫ్లాపీ ఉంచేడు. పంతులుగారిని తీసుకురావడానికి బయటికెళ్లేడు.

అమ్మ పసుపు, కుంకుమ తడిపి అన్నిటికీ పెడుతూ వచ్చింది. ఫ్లాపీ దగ్గర ఆగింది. దానిమీద కాగితం కవరుంది కదా... తీసేసింది.

"ముసుగు మీద బొట్టెట్టకూడదే అమ్మీ" అంది నాతో.

కవరు తీస్తే మధ్యలో కోలగా ఒక ఖాళీ. లోపల గోధుమరంగు బిళ్ల మెరుస్తోంది. బొట్టు కోసమే వదిలినట్టున్న జాగా. అమ్మ శ్రద్ధగా అక్కడ పసుపు రాసి, కుంకుమ దిద్ది, దండం పెట్టి, మళ్లీ కవరులో పెట్టేసింది.

పూజయ్యింది. పెద్దసారొచ్చేరు. చిన్నాన్న కవరు ఒంపి, చూసుకోకుండా ఫ్లాపీ దోపి, స్విచ్చి వేసేడు. మెషిన్ గరగరమంది. మళ్లీ గరగరమంది. తెర నల్లగానే ఉంది.

చిన్నాన్న ఫ్లాపీ బయటికి లాగేడు. నేను పక్కనే ఉన్నాను, చూసేను. మెషిన్ చదివే ఆ బిళ్లంతా ఎర్రగా అలుక్కుపోయి ఉంది. చిన్నాన్న అమ్మవైపు చూసేడు. అమ్మ కొంగు భుజం మీదకి సర్దుకుని, కళ్లు తెర మీదే పెట్టుకుని నిలబడి ఉంది.

ఫ్లాపీ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఓల్టేజీ సాల్లేదొదినా. మెషిన్ లెగట్లేదు."

అమ్మ మొహం చిన్నబోయింది. అందరూ ప్రసాదాలకి వెళ్లిపోయేక, చిన్నాన్న స్పిరిట్టూ దూదీతో లోపల తుడిచి ఆఫీసు ఫ్లాపీ పెడితే మెషిన్ బుద్ధిగా లేచింది. నీ రెండోది నమ్మదగ్గది కాదయ్యా అన్నారు తిరిగొచ్చిన పెద్దసారు. చిన్నాన్న అవునన్నాడు. అంతే అన్నాడు... నాకు ఏడుపొచ్చేసింది.

ఆ సిస్టమ్ మళ్లీ ఆ గదిలో లేవలేదు. అమ్మ మాత్రం ఏళ్ల తరబడి, ముగ్గేసినప్పుడల్లా కోరాపుట్ కరెంటువాళ్లని తిట్టిపోసేది. చిన్నాన్న టీ తాగుతూ, అవునొదినా, ఆళ్లంతేనని వంతపాడేవాడు.

చిన్నాన్న ఇప్పుడు లేడు. నా లాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లున్నాయి. తెరవగానే ఏది కావాలని అదే అడుగుతుంది... ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొన్న రెండోదాంట్లో అమ్మ ముగ్గు గీయించి, తీసుకెళ్లి తన ముందు పెట్టేను. అమ్మ చాలాసేపు చూసింది. చుక్కల మీద వేలు తిప్పింది.

"ఈ ఊర్లో కరెంటు మంచిదే అమ్మీ. పాపం, ఆ రోజు మీ సిన్నాన్నకి ఇంత ఓల్టేజీ ఉండుంటేనా..."

అవునమ్మా అన్నాను.

మీ ఇళ్లలోనూ ఇలా ఎవరో ఒకరు కరెంటు మీదకి నెట్టేసి కడుపులో దాచుకున్న మాట ఉండే ఉంటుంది. ఉంటే ఇక్కడ చెప్పండి... ఇంట్లో మాత్రం చెప్పకండి.