గ్యాసు లైట్ల వెనక త్రిశంకుడు: ఆళ్లగడ్డ పక్క కళ్లంలో ఒక రాత్రి

డిగ్రీలో మూడేళ్లు భౌతికశాస్త్రం చదివాను. దూరదర్శిని బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. కటకం ఇక్కడ, కిరణం వంగేది అక్కడ, బాణం గుర్తులతో సహా కళ్లు మూసుకుని గీయగలను. మార్కులూ బాగానే వచ్చాయి. కానీ అసలు దూరదర్శినికి ఒక్కసారైనా కన్ను ఆనించింది లేదు. పరీక్షలయ్యాక నంద్యాలలో ఇంటిపట్టున కూర్చుని ఏం చేయాలో తోచక వీధిలో వచ్చే పోయే వాళ్లను చూస్తూ ఉంటే, ఈ సంగతి ముల్లులా గుచ్చడం మొదలుపెట్టింది. ఈ ఎనభై రెండు వేసవిలో నేను ఆళ్లగడ్డ బస్సెక్కింది అందుకే.

మా వీధి చివర సుగుణమ్మ టీచరు ఉంటారు. ఆదివారం చర్చిలో పాటలు పాడించేదీ ఆమే, వారమంతా పిల్లలకు లెక్కలు చెప్పేదీ ఆమే. ఏటా ఎండాకాలం, అమావాస్య దగ్గర పడ్డాక ఒక సాయంత్రం, పిల్లలనూ వాళ్ల అమ్మానాన్నలనూ చేర్చి బడి ఆవరణలో చుక్కలు చూపిస్తారు. ఈ ఏడు ఆవరణ పక్కనే కొత్తగా మెర్క్యురీ లైటు పడింది. ఆకాశం పాలిపోయింది. అప్పుడు ఆమె దగ్గర నా తర్వాత చదువుకున్న సరసు కబురు పెట్టింది. ఆళ్లగడ్డ దాటి అహోబిలం దారిలో తన పుట్టిల్లు ఉంది, ఇంటి పక్కనే కళ్లం, చుట్టూ ఎక్కడా కరెంటు స్తంభం లేదు, అందరూ అక్కడికే రమ్మని.

"అమావాస్య ముందర ప్రయాణమేందే? అందులో ఈ ఎండలో?" అంది మా అమ్మ.

"చంద్రుడు లేకుంటేనే కదమ్మా చుక్కలు బాగా కనపడేది."

"చుక్కలు మన మిద్దె మీద లేవా?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పడానికి నాకు ఈ ప్రయాణమంతా పట్టింది.

మధ్యాహ్నం రెండున్నర బస్సు. శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు గంటన్నర, టిక్కెట్టు నాలుగు రూపాయల చిల్లర. వేసవిలో ఈ దారిన పోయేవాళ్లు ఎడమ పక్క సీట్లు పట్టుకోండి. ఎండ మీ మీద పడదు, పైగా దూరంగా నల్లమల కొండలు మీతోపాటే వస్తుంటాయి. కె.సి. కాలువలో నీళ్లు కట్టేసి ఉండడంతో అడుగున బురద పెచ్చులు లేచి, అప్పడాలు ఆరబోసినట్టుంది. సుగుణమ్మ టీచరు దూరదర్శినిని బొంతలో చుట్టి, చంటిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నారు. కండక్టరు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఏందమ్మా అది, బోరు గొట్టమా?"

"దూరదర్శినప్పా. చుక్కలు చూసేది."

"దానికి ఆళ్లగడ్డ దాకా పోవల్లనా? మా ఇంటికి రాండి, మా ఇంటామె పట్టపగలే చూపిస్తాది." బస్సంతా నవ్వింది. అతను మాత్రం నవ్వకుండా గొట్టానికి లగేజీ టిక్కెట్టు చింపి టీచరు చేతిలో పెట్టాడు.

ఆళ్లగడ్డ బస్టాండులో సరసు నాయన ఓబులేసు ట్రాక్టరుతో ఎదురుచూస్తున్నాడు. మాతోపాటు నంద్యాల నుంచి వచ్చిన మరో నాలుగు కుటుంబాలను, చాపలు, నీళ్ల బిందెలు, పిల్లలతో సహా ట్రాలీలోకి ఎక్కించాడు. ట్రాలీలో ఓ మూల గడ్డి పరిచి, దాని మీద మూడు గ్యాసు లైట్లు పెట్టి ఉన్నాయి. పెళ్లి ఊరేగింపుల్లో తలల మీద మోస్తారే, అవే. అద్దెకు తెచ్చాడట. ఒకదాన్ని తీసి నా ఒళ్లో పెట్టాడు.

"పాపా, గ్లాసు రవ్వంత జాగ్రత్త. పగిలితే నా పరువు పాయె."

"మూడు లైట్లు ఏంటికన్నా?" అనడిగారు టీచరు మెల్లగా.

"ఏంటికేంది టీచరమ్మా! పెండ్లయినాక మా వియ్యపురాలు తొలిసారి మా ఇంటికొస్తాంది, సంజామల నుంచి. చీకట్లో కూర్చోబెడతామా?"

టీచరు నా వైపు చూశారు. నేను ఒళ్లోని లైటు వైపు చూశాను. నంద్యాల వెలుగు తప్పించుకోవడానికి నలభై కిలోమీటర్లు వచ్చి, వెలుగును ఒళ్లో పెట్టుకుని మోస్తున్నాను. కానీ అప్పుడు ఓబులేసు ముఖంలో ఉన్న సంబరం చూస్తే, వద్దు అనే మాట ఎవరికీ నోట రాదు.

ఊరు చిన్నదే. నాపరాళ్లు పరిచిన మిద్దెలు, వాకిట్లో కట్టేసిన బర్రెలు. సరసు నీళ్ల బిందెతో ఎదురొచ్చింది. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. బిందె దించుతూనే నన్ను పక్కకు లాగింది.

"అక్కా, మా అత్త మధ్యాహ్నమే దిగింది, కోయిలకుంట్ల మీద బస్సు మారి. ఆమె నవ్వదు, తిట్టదు. చూస్తాది, అంతే. ఎండాకాలం పుట్టింటికి పోతానంటే, 'ఈడ లేనిది ఆడేముంది?' అనింది. చుక్కలు చూసే పండగుందత్తా, మా టీచరమ్మ చూపిస్తాదంటి. 'అదేందో నేనూ చూస్తా పద' అని వచ్చింది. ఈ రాత్రి ఆమెకు ఏమీ కనపడలేదనుకో, వచ్చే ఎండాకాలం అడిగేదానికి నాకు నోరుండదు."

ఆ అత్త, వీరమ్మ, పొడుగైన మనిషి. వాకిట్లో నులక మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. సరసు అమ్మ నరసమ్మ ఆమె చుట్టూ గాలిలా తిరుగుతోంది. ఓళిగలు, నెయ్యి, చిత్రాన్నం, వంకాయ కూర, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. మా పదిహేను మందికీ అంతే ఆదరంగా వడ్డించింది. టీచరు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేదాకా అందరూ ముద్ద ముట్టకుండా ఆగారు, ఆగమని ఎవరూ చెప్పకుండానే. టీచరు డబ్బివ్వబోతే ఓబులేసు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఇలాంటి చోటికి వెళ్లేటప్పుడు నోట్లు కాదు, చక్కెరో పండ్లో పట్టుకెళ్లండి. అవైతే ఎవరూ కాదనరు.

పొద్దు కుంకింది. కళ్లం నున్నగా అలికి, చాపలు పరిచి, వీరమ్మకు నులక మంచం తెచ్చి వేశారు. పడమటి వెలుగు పూర్తిగా పోకముందే ఓబులేసు మూడు గ్యాసు లైట్లూ వెలిగించి, దక్షిణం వైపు వరసగా గుంజలకు తగిలించాడు. బుస్సుమని చప్పుడు, తెల్లని వెలుగు. ఊళ్లోవాళ్లు కూడా పిల్లాపాపలతో వచ్చి కూర్చున్నారు. తల ఎత్తి చూస్తే ఆకాశం మసిపట్టిన కుండ అడుగులా ఉంది. టీచరు దూరదర్శిని బిగించి బృహస్పతిని పట్టుకున్నారు. పిల్లలు వరసకట్టి చూశారు. నా వంతు వచ్చింది. గుండ్రటి చిన్న వెలుగు, దాని పక్కన ఒకే గీతలో మూడు చుక్కలు, దాని ఉపగ్రహాలు. నాలుగోది ఎక్కడో దాక్కుందన్నారు టీచరు. మూడేళ్లు గీసిన బాణం గుర్తులన్నీ ఆ క్షణం నా కంట్లోకి వచ్చి కలుసుకున్నాయి. ఇంకాసేపు చూడాలనిపించింది కానీ వెనక నుంచి ఒక పిల్ల నా పైట లాగింది.

గ్రహాలైతే గొట్టంలో కనపడుతున్నాయి. కానీ టీచరు అందరికీ మాటిచ్చింది త్రిశంకుడిని. స్వర్గానికీ భూమికీ మధ్య తలకిందులుగా వేలాడినవాడు. మన సీమలో ఈ నెలలో, దక్షిణాన నేలకు కాస్త పైన, నాలుగు చుక్కల శిలువలా కనపడతాడు. తొమ్మిది ఆ ప్రాంతంలో నిటారుగా నిలబడి, తర్వాత పక్కకు వాలిపోతాడు. సరిగ్గా ఆ దిక్కునే మూడు లైట్లు బుసలు కొడుతున్నాయి. పైగా పురుగులు. ఎక్కడెక్కడివో వచ్చి, కంట్లో, నీళ్ల చెంబులో పడుతున్నాయి.

"అన్నా," అంది వీరమ్మ, పైటకొంగుతో పురుగును దులుపుకుంటూ. "చుక్కలని పిల్చి పురుగులు చూపిస్తాండావే. ఇవి మా సంజామలలో లేవనుకుంటివా?"

వియ్యంకుల మధ్య ఎకసెక్కాలు మామూలే. అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు కానీ వెంటనే లేచి, ఒక లైటుకు గాలి ఇంకాస్త కొట్టాడు. వెలుగు ఇంకా పెరిగింది. సరసు తల దించుకుంది.

నేను ఊరుకోలేకపోయాను. లేచి, తులసికోట దగ్గర దీపం సర్దుతున్న నరసమ్మ దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, ఆ లైట్లు కాసేపు లేకుంటే అందరికీ చుక్కలు కనపడతాయి."

"నాకు తెలీదా పాపా? టీచరమ్మ ముఖం చూస్తాండా గదా." గొంతు తగ్గించింది. "శుక్రవారం పూట దీపం తీయడమనే మాటే అనకూడదు."

"తీసేయొద్దు. వెలుగుతూ ఉండంగానే ఇంట్లో పెడితే?"

"పెట్టొచ్చు. కానీ వచ్చినోళ్ల ముందర నుంచి ఇంటివాళ్లు దీపం ఎత్తుకుపోతే, ఇంక పోండి అన్నట్టు. నేనెత్తినా అంతే, ఆయనెత్తినా అంతే. అదీ వియ్యపురాలు కూర్చున్నప్పుడు!"

"మరి వచ్చినవాళ్లే ఎత్తితే?"

"వచ్చినోళ్ల చేత పని చేయిస్తారా ఎవురన్నా?"

చిక్కుముడి. ఇంటివాళ్లు ఎత్తకూడదు, వచ్చినవాళ్ల చేత ఎత్తించకూడదు. పరాయిదాన్ని, పైగా వయసులో చిన్నదాన్ని, నేను ఎత్తితే ఓబులేసు నవ్వులపాలవుతాడు. టీచరు గడియారం చూసుకుంటున్నారు. మా వెనకే నిలబడి సరసు అంతా వింది.

"అమ్మా, నేను ఎత్తుతా."

"నువ్వెట్ల ఎత్తుతావు? ఇంటి బిడ్డవి."

"నేనిప్పుడు సంజామల మనిషినే కదమ్మా. వచ్చినదాన్నే. కూతురు పని చేస్తే చేయించినారని ఎవురూ అనరు."

నరసమ్మ చేతిలో వత్తి అలాగే ఉండిపోయింది. పెళ్లినాడు అప్పగింతల్లో అందరూ అన్న మాటే అది. కానీ పిల్ల నోటి నుంచి ఆమె వినడం అదే మొదటిసారి కాబోలు. వత్తిని ప్రమిదలో పెట్టి తల ఊపింది.

సరసు కొంగు నడుముకు దోపి, కళ్లంలోకి నడిచి, మొదటి లైటు గుంజ నుంచి దించింది. ఓబులేసు సగం లేచాడు. వీరమ్మ చూస్తోంది. సరసు అన్నట్టే, చూస్తోంది, అంతే.

"ఏం మే," అంది చివరికి. "యాడికి ఎత్తుకపోతాండావు?"

"ఇంట్లోకి అత్తా. చుక్కలు వస్తాయి."

"ఓబులేసన్నా, నా కోడలి చేత చాకిరీ చేయిస్తాండావా?"

వీరమ్మ మంచం మీద నుంచి లేచి, నడుం నిమురుకుంటూ నడిచి, రెండో లైటు దించింది. "మూడూ ఇదొక్కతే మోస్తాదా? వదినా, నువ్వు మూడోదాని జోలికి రావాకు, మాకు పోండని చెప్పినట్టయితాది." నరసమ్మ ఉన్నచోటే ఆగి, ఏడుపో నవ్వో తెలియని ముఖంతో కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మూడో లైటు టీచరే తీసుకున్నారు. ముగ్గురూ లోపల పెట్టి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. తలుపు కింద నుంచి వెలుగు గీత మాత్రం కనపడుతోంది.

మొదట ఏమీ లేదు. పిల్లలు చీకటికి భయపడి అమ్మలను పట్టుకున్నారు. తర్వాత మెల్లగా, పాలు పొంగినట్టు, చుక్కలు వచ్చాయి. నెత్తి మీద, కొండల మీద, గడ్డివాము మీద. ఉత్తరాన సప్తర్షులు. "ముసలమ్మ మంచం, ముగ్గురు దొంగలు" అని ఊళ్లో పిల్లలు అరిచారు. దక్షిణాన, ఇంతకుముందు లైట్లున్న ఖాళీ గుంజల మధ్య, నేలకు జానెడు ఎత్తున, నాలుగు చుక్కలు. టీచరు చెయ్యి చాపి చూపించారు.

"గొట్టంలో శనిని కూడా చూడమ్మా, వడ్డాణం పెట్టుకున్నట్టుంటాడు," అన్నారు తర్వాత.

"శనిని నేను ఎదురుపోయి చూడల్లనా? వద్దులే తల్లీ," అంది వీరమ్మ. కాసేపు త్రిశంకుడినే చూస్తూ నిలబడి, "పాపం, యాడికీ కాకుండా పాయె," అంది. ఎవరినని అందో. పక్కనే సరసు ఉంది.

పొద్దున ఏడింటికి ఓబులేసు ట్రాక్టరు మీద అందరమూ ఆళ్లగడ్డ చేరాం. కోయిలకుంట్ల బస్సు ముందొచ్చింది. వీరమ్మ ఎక్కి కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "టీచరమ్మా, వచ్చే ఎండాకాలం మా మిద్దె మీద పెట్టండి. సంజామలలో ఇంతకన్నా చీకటి." ఆమె పక్క సీట్లో సరసు ముఖం ఒక్క క్షణం ఖాళీ అయింది. వచ్చే ఏడు చుక్కలుంటాయి, కానీ అవి పుట్టింటివి కావు. వీరమ్మ అది చూసింది. ఆమె చూడనిది ఏముంది? "ఓబులేసన్నా, నువ్వూ వదినా వారం ముందరే రాండి. వెనక్కి పోయేటప్పుడు దీన్ని మీతోనే ఎత్తుకపోండి. లైట్లు మాత్రం తేవాకండప్పా." బస్సు కదిలింది. ఓబులేసు దుమ్ములో నిలబడి గట్టిగా నవ్వాడు.

మా అమ్మ ప్రశ్నకు జవాబు ఇంటికొచ్చాక చెప్పాను. చుక్కలు మన మిద్దె మీదా ఉన్నాయి, కానీ వాటిని చూడాలంటే ఎవరో ఒకరు వెలుగు పక్కన పెట్టాలి, అది అంత తేలిక కాదు అని. ఓబులేసుకు ఆ వెలుగు గౌరవం, నరసమ్మకు శుభం. దాన్ని ఎత్తడానికి సరసు తన ఇల్లు తనది కాదని తల్లి ముందు అనాల్సి వచ్చింది. దూరదర్శినిలో చూసిన బృహస్పతి నాకు ఇంకా గుర్తుంది. కానీ ఎక్కువ గుర్తున్నది చుక్కలు రాకముందు, తలుపు దాకా నడిచి వెళ్లిన ఆ మూడు వెలుగులే. రేపు పెళ్లయి నేనూ ఎక్కడికో వెళ్తాను. ఏ ఇంట్లో ఏ దీపం ఎత్తే హక్కు నాకుంటుందో ఇప్పుడే తెలియదు, తెలుసుకోవాలని మాత్రం ఉంది.

వేసవిలో పిల్లలతో ఇలాంటి చోటికి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. అమావాస్యకు ఒకటి రెండు రోజుల ముందు చూసుకుని వెళ్లండి, చాపలు, నీళ్లు మీరే తీసుకెళ్లండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీరు దిగబోయే ఇంటి నుంచి పెళ్లయి వెళ్లిన ఆడపడుచు ఉంటే, ఆమెనూ ఆ రాత్రికి రమ్మని ముందే కబురు పెట్టండి.