స్టిక్కరు మీద బ్లేడు గాటు

తొమ్మిదేళ్లపాటు ఆమె పరీక్షించిన ప్రతి హెల్మెట్‌కూ సంతకం పెట్టింది మరొకాయన. బైకు రేసుల మైదానంలో, మరుగుదొడ్లకు ఆనుకున్న రేకుల గది ఆమెది. హెల్మెట్ బాగుంటే స్టిక్కరు అంటిస్తుంది. స్టిక్కరు లేనివాడు ట్రాక్ ఎక్కకూడదు. ముఖ్య తనిఖీదారు ఏసీ గదిలో టిఫిను ముగించేలోపే కాగితాలన్నింటి మీదా 'పరీక్షించాను' అని గిలికేసేవాడు. హెల్మెట్లు అప్పటికింకా సంచుల్లోంచి బయటికే వచ్చేవి కావు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది. అంతా 'స్టిక్కరక్క' అని పిలిచే ఆమె అంటే అందరికీ అలుసే మరి.

పనిలో మాత్రం ఊరుకునేది కాదు. హెల్మెట్ బోర్లించి, గడ్డం కింది పట్టీ గుంజి, లోపల ముక్కు పెట్టేది. కొత్త రంగు వాసనొస్తే పాత పగులు దాచినట్టే. చెమట కంపు కొడితే, దాచిందేమీ లేదని ప్రాణం లేచొచ్చేది.

ఆ రోజు క్లబ్బు అధ్యక్షుడి బావమరిది తెచ్చిన హెల్మెట్‌కు వంక పెట్టడానికేం లేదు. స్టిక్కరు వేసి పంపింది. గంట తర్వాత ట్రాక్ గేటు దగ్గర అతగాడు బైకెక్కి, హెల్మెట్ తగిలించుకోబోతున్నాడు. స్టిక్కరు అదే, హెల్మెట్ వేరు! వెనకవైపు వెంట్రుకంత పగులు.

"బాబూ, దిగు."

"స్టిక్కరుందిగా అక్కా!"

"పొద్దున లోపల ఎర్ర గుడ్డ, ఇప్పుడు నల్ల గుడ్డ. గంటలో బట్టలు మార్చుకుందా అది?"

నిజం కక్కేశాడు. పొద్దున చూపించింది స్నేహితుడి హెల్మెట్. దాని స్టిక్కరును జుట్టు ఆరబెట్టే మిషన్‌తో వేడిచేసి ఊడదీసి, దీనికి అంటించాడు.

అధ్యక్షుడు రొప్పుతూ వచ్చాడు. "మావాడి పరువు తీస్తావా? రేపట్నుంచి రానక్కర్లేదు నువ్వు!"

"రేపు మానేస్తాలెండి. ఇవాళ మాత్రం దిగాల్సిందే. మీ ఆవిడకి తమ్ముడొక్కడేగా?"

ఆవిడ వెనకే ఉంది. పగులు మీద వేలు పెట్టి చూసింది. "దిగరా వెధవా!" అంది. అంతే, దిగాడు. నిబంధనల పుస్తకానికి లేని బలం అక్కగారి గొంతుకుంది.

స్టిక్కరక్క గదికెళ్లి, మిగిలిన హెల్మెట్లన్నీ మళ్లీ తెప్పించింది. ఒక్కో స్టిక్కరు మీదా బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టింది. ఇక పీకితే ముక్కలే. తర్వాత కాగితం మీద ముఖ్య తనిఖీదారు సంతకాన్ని గీతతో కొట్టేసి, కింద తన సంతకం చేసింది.

హెల్మెట్ సంగతైతే క్లబ్బువాళ్లు క్షమించేవారేమో. సంతకం సంగతి క్షమించలేదు. మర్నాడే గది తాళాలు లాక్కున్నారు. ఇప్పుడక్కడి స్టిక్కర్లు గాటు లేకుండా తళతళలాడుతున్నాయి.

మీరు రేసు చూడ్డానికి వెళ్తే గేటు దగ్గర ఒక్క మాట అడగండి: "హెల్మెట్లు చూసిందెవరు? సంతకం చేసిందెవరు?" ఇద్దరూ ఒకరు కాకపోతే, లోపలికి వెళ్లేముందు ఫిర్యాదు రాసివ్వండి. ఆమెను వెనక్కి పిలవమని కూడా అందులోనే రాయండి.