పడవ మోటారుకు పట్టిన వేడి

ఆ మోటారు సరిగ్గా పది నిమిషాలు తిరిగేది. ఆ తర్వాత గొంతు మారేది, కాసేపు గురక పెట్టేది, ఆగిపోయేది. నీళ్ల నడుమ పడవ, పడవలో మేము. అరగంట గమ్మున కూర్చుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచేది. అంత పెంకితనం నేను నా ఐదో తరగతి పిల్లల్లో కూడా చూడలేదు.

నేనప్పుడు మైలవరం డ్యాము వెనక నీళ్ల ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో టీచరును. బడి పక్క గదిలోనే ఉండేదాన్ని, శనివారం మాత్రం జమ్మలమడుగులో మా ఇంటికి పోయేదాన్ని. ఊరికి బస్సు దారి లేక కాదు. ఆ దారి ఎదుటి పార్టీ ఊరి నడుమ నుంచి పోతుంది. ముందటేడు ఒక హత్య జరిగాక మా ఊరివాళ్లు ఆ బస్సు ఎక్కడం మానేశారు. ఆస్పత్రికైనా సంతకైనా హైస్కూలుకైనా నీళ్లకు అడ్డం పడి పోవాల్సిందే. ఎన్నికలు దగ్గర పడ్డాయి కాబట్టి మా ఊరి పార్టీ పెద్దాయన ఒక ఫైబరు పడవ, దాని వెనక తగిలించే పెట్రోలు మోటారు తెప్పించి ఇచ్చాడు. ఆ దారి మూతపడడంలో ఆయన చేయి కూడా ఉందని నాకు తెలుసు. తెలిసీ ఆ పడవే ఎక్కేదాన్ని. మా అమ్మ దగ్గరికి పోవడానికి నాకు వేరే దిక్కు లేదు.

పడవ తోలేవాడు అంతకుముందు పులివెందుల వైపు ఒక నాయకుడి జీపు తోలినవాడు. పనిమంతుడే. జీపును ఎప్పుడూ ముఖం రోడ్డు వైపుకు పెట్టి నిలపాలి, పొద్దున్నే ఇంజను వేడి చేసి ఉంచాలి, తాళం తిప్పగానే అందుకోవాలి. అందుకోకపోతే లోపల కూర్చున్న మనిషి ప్రాణానికి ముప్పు. ఆ కొలువు నేర్పిన అలవాట్లన్నీ అతను పడవకు కూడా తెచ్చాడు. పడవ ముక్కు నీళ్ల వైపు, మోటారు గట్టు వైపు ఉండేట్టు లాగి పెట్టేవాడు. పొద్దున్నే మోటారును వేడి చేసేవాడు. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

ఒడ్డున పడవకు కాపలా ఇంకొకాయన. నెమ్మదైన మనిషి. గొడవలు ముదరకముందే కూతుర్ని ఎదుటి ఊరికి ఇచ్చాడు. ఆ ఒక్క సంబంధం వల్ల ఆయన్ను అందరూ ఒక కంట కనిపెట్టి ఉండేవాళ్లు.

మూడోసారి మోటారు ఆగినప్పుడు పడవలో నొప్పులు పడుతున్న మనిషి ఉంది. తెడ్లేసి ఎట్లాగో ఒడ్డు చేర్చారు. తల్లీబిడ్డా దక్కారు గానీ ఊరు ఊరుకోలేదు. తోలేవాడు నా దగ్గరికి వచ్చి, "ట్యాంకు కాడికి ఎవరన్నా పోయింటే చూసినారా టీచరమ్మా?" అని అడిగాడు. చూశాను. రెండు రోజుల కింద పళ్లు తోముకుంటూ ఒడ్డుకు పోతే, కాపలా ఆయన చేయి పెట్రోలు ట్యాంకు మూత మీద ఉంది. అదే చెప్పాను. నా నోట్లో మాట నిలవదని మా అమ్మ ఊరికే అనలేదు. సాయంత్రానికల్లా ఆ చేతిలోకి చక్కెర వచ్చి చేరింది. కాపలా ఆయన ఎదుటి పార్టీ మాట విని పెట్రోల్లో చక్కెర పోశాడని ఊరంతా అనుకున్నారు.

పెద్దాయన అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పినట్టే చెప్పాడు. "ప్రొద్దుటూరు మెకానిక్కు సాయిబును పిలిపిచ్చండి. చక్కెరుందని ఆయన నోటితో చెప్తే, వాడు మళ్ల ఊళ్లో కనపడకూడదు." కనపడకూడదంటే ఏమిటో మా ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదు. నాకు అన్నం సయించలేదు. నేను చూసింది ఒక చేయి, అంతే. దాని మీద ఒక మనిషి ప్రాణం పెట్టారు.

పడవ మూలపడి ఆ వారం నేను ఇంటికి పోలేదు. ఆదివారం పొద్దున మెకానిక్కు వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, చొక్కా జేబులో చిన్న టార్చిలైటు. కువైట్‌లో పదేళ్లు చేపల పడవల దగ్గర పనిచేసి వచ్చి ప్రొద్దుటూరులో షెడ్డు పెట్టుకున్నాడు. రెండు పార్టీల జీపులూ ఆయన షెడ్డుకే వచ్చేవి. అక్కడ ఒక కట్టడి ఉండేది. ఎంతటివాడైనా కత్తులూ బాంబులూ ఉన్న సంచి బయట పెట్టి లోపలికి రావాలి. మా ఒడ్డున కూడా ఆయన పనిముట్లు దించకముందే పెద్దాయన మనుషుల వైపు తిరిగి, "ఆ సంచులు జీపులో పెట్టి రాండప్పా. అవి దగ్గరుంటే నాకు ఇంజను మాట వినపడదు," అన్నాడు. పెద్దాయన తలూపితే వాళ్లు పోయి పెట్టి వచ్చారు. అంత నిదానంగా ఆ మాట అనగలిగిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

మొదట ఒక గాజు సీసాలోకి పెట్రోలు వంచి పక్కన పెట్టాడు. కాసేపటికి అందరికీ కనపడేట్టు ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. "చక్కెర పెట్రోల్లో కరగదు మామా. పోసింటే అడుగున కూచోనుండాల. ఏమన్నా ఉందా చూడు," అని పెద్దాయనకు ఇచ్చాడు. అడుగు శుభ్రంగా ఉంది.

తోలేవాడు ఊరుకోలేదు. "చక్కెర లేకపోతే మూత మీదుండే గాలి మర బిగిచ్చినాడేమో. గాలాడకపోయినా నిలుస్తాది గదా," అన్నాడు.

"నిలుస్తాది. మంచి మాట అడిగినావు," అని మెకానిక్కు మర చూశాడు. అది తెరిచే ఉంది. నా వైపు తిరిగాడు. "మీరు చూసిన పొద్దు ఆ చెయ్యి మూతను తిప్పుతాండెనా, ఊరికే పెట్టిండెనా?"

"తెలీదు. చేయి చూశాను. అంతే," అన్నాను. ఆ మాట మొదటిరోజే ఎందుకు అనలేదని నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

కాపలా ఆయన్ను అడిగితే, "మంచు కురుస్తాంటే నీళ్లు దిగుతాయేమోనని గోనెపట్ట కప్పినా," అన్నాడు. నమ్మినట్టు ఎవరి ముఖంలోనూ కనపడలేదు.

మెకానిక్కు పెద్దాయనతో, "అరగంట కూచుంటే తగ్గే జబ్బు పెట్రోలుది కాదు. ఇది వేడి," అన్నాడు. తోలేవాడితో, "నువ్వు రోజూ పొద్దున ఎట్ల చేస్తావో అట్ల స్టార్ట్ చెయ్ నాయనా," అన్నాడు.

తోలేవాడు గట్టు మీదే, మోటారు కింది కొస నీళ్లకు బారెడు దూరంలో ఉండగా, తాడు లాగాడు. ఒక్క లాగుకే అందుకుంది. గర్వంగా చూశాడు. మెకానిక్కు వంగి, మోటారు వెనక పెన్సిల్ దూరేంత బొక్క దగ్గర అరచేయి పెట్టి ఉంచాడు. ఏమీ రాలేదు. వెంటనే ఆపించాడు.

"ఎంతసేపు తిప్పుతావు ఇట్ల?"

"పది నిమిషాలు. వేడెక్కకుంటే ఎట్ల?"

మెకానిక్కు మోటారు కింది భాగం విప్పాడు. లోపల పిడికిలిలో పట్టేంత రబ్బరు చక్రం ఉంది. దానికి ఆరు రెక్కలుండాలట, ఒక్కటి కూడా సగానికి మించి మిగల్లేదు. కాలిన రబ్బరు వాసన నా దాకా వచ్చింది. "జీపుకు నీళ్లు లోపలుంటాయి. దీనికి బయటుంటాయి. కిందనించి ఈ చక్రమే తోడి పైకి పంపాల, ఆ నీళ్లు వేడి దించి ఆ బొక్కలోంచి బయట పడాల. గట్టు మీద తిప్పితే తోడడానికేముంది? అదే అరిగి అదే కాలె," అన్నాడు.

అందరి చూపూ ఒక్కసారి తోలేవాడి మీదికి మళ్లింది. అతని ముఖంలో నెత్తురు లేదు. మెకానిక్కు తలెత్తకుండానే, "నీ అలవాటు మంచిదే నాయనా, జీపుకు. కువైట్‌లో మొదటి నెల నేనూ ఇదే చేసినా. ఆ ఓనరు నన్ను నీళ్లలోకి తోసినాడు," అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో గట్టు మీద బిగుసుకున్నదేదో సడలింది. అది నిజంగా జరిగిందో, ముద్దాయి కుర్చీలోంచి ఒక మనిషిని దించి ఇంకొకణ్ని కూర్చోబెట్టడం ఇష్టం లేక అల్లాడో నాకు తెలియదు. రెండింటిలో ఏదైనా ఆయన్ను మెచ్చుకుంటాను.

తేలిపోయింది కదా అని పెద్దాయన లేచాడు. మెకానిక్కు లేవలేదు. తన రుమాలు పరిచి, విరిగిన రబ్బరు ముక్కల్ని ఒక్కొక్కటే పట్టకారుతో తీసి, చక్రానికి ఆనించి చూసి పేర్చుతున్నాడు. అయిదు రెక్కలు పూర్తయ్యాయి. ఆరోదానికి గోరంత ముక్క తక్కువ పడింది. ఎండ నడినెత్తికి వచ్చినా గొట్టాలు విప్పుతూనే ఉన్నాడు.

"ఇంక చాల్లే సాయిబూ, గోరంత దానికి," అన్నాడు పెద్దాయన.

"అది గొట్టంలో యాడనో ఉంటాది మామా. వదిలేస్తే కొత్త చక్రమేసినా మళ్ల నిలుస్తాది. అప్పుడు మీరు మళ్ల ఎవుని మీదనో పెడతారు."

పెద్దాయన ముఖం మీద అంత మాట అన్నవాడు ఆ ఊళ్లో లేడు. పెద్దాయన మళ్లీ కూర్చున్నాడు. ముక్క దొరికేదాకా కూర్చున్నాడు.

కొత్త చక్రం మద్రాసు నుంచి లారీలో వచ్చింది. మెకానిక్కే మళ్లీ వచ్చి వేసి పోయాడు. ఆ సాయంత్రం నేను కాపలా ఆయన దగ్గరికి పోయి, నా వల్ల ఎంత పని జరిగేదో చెప్పుకోబోయాను. ఆయన చివరిదాకా చెప్పనివ్వలేదు.

"మీరు చూసింది చెప్పినారు టీచరమ్మా. చెయ్యి నాదే గదా," అన్నాడు. కోపంగా అని ఉంటే నాకు తేలికయ్యేది.

మర్నాటి నుంచి పడవను ముందు నీళ్లలోకి దించాకే మోటారు తిప్పేవారు. తోలేవాడు తాడు లాగి, "నీళ్లు పడతాండాయా అన్నా?" అని కేకేసేవాడు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కాపలా ఆయన ఆ బొక్క కింద అరచేయి పట్టేవాడు. సన్నటి ధార చేతిలో పడగానే చేయి పైకెత్తేవాడు. ఆ చేయి లేచేదాకా మేమెవరమూ పడవ ఎక్కేవాళ్లం కాదు.