ఫ్లెక్సీలో పెద్దల్లుడు

మొన్న సోగత్తూరులో మా అత్తగారింటి మిద్దె మీద చింతపండు ఆరబోసి ఉండగా వత్తల్‌మలై కొండ వైపునుంచి ఉన్నట్టుండి మబ్బు కమ్ముకొచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ళమంతా మిద్దెక్కాం. అత్తగారు పశువుల కొట్టంలోంచి ఒక పాత ఫ్లెక్సీ ఈడ్చుకొచ్చి కప్పమన్నారు. కప్పాక చూస్తే అది నా పెళ్ళి ఫ్లెక్సీ.

జ్ఞాపకాలు రాయడానికి నా వయసు కాస్త చాలదు గానీ, పెళ్ళినాటి తన ముఖాన్ని చింతపండు మీద చూసుకున్నవాడికి ఆ హక్కు ముందుగానే వచ్చేస్తుందని నా నమ్మకం. నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, మన పెళ్ళిళ్ళలో ముందు ఫ్లెక్సీ, తరువాతే ముహూర్తం. మధ్యలో వధూవరులు, చుట్టూ మేనమామలు, కింది వరుసలో ఫోను చెవిన పెట్టుకుని జిల్లా కలెక్టరుతో మాట్లాడుతున్నట్టు నిలబడిన స్నేహితులు. నా ఫ్లెక్సీలో మాత్రం ఒక విశేషం ఉండేది. పెళ్ళికొడుకునైన నాకంటే మా తోడల్లుడి బొమ్మ పెద్దది. దాని కింద బంగారు రంగు అక్షరాల్లో, అరవంలో, ‘సూపర్‌వైజర్’ అని ఉండేది.

అత్తగారికి ఇద్దరు కూతుళ్ళు. మా తోడల్లుడు పెద్దమ్మాయి భర్త. మేమిద్దరం ఒకే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. నేను తూకం దగ్గర, అతను కాయలు కడిగే తొట్టి దగ్గర. మాకందరికీ తెల్లటోపీ, సూపర్‌వైజరని అతనికి ఎర్రటోపీ. ఆ టోపీ పెట్టుకునే అత్తగారింట్లో భోజనానికి కూర్చునేవాడు. అత్తగారు నేతిగిన్నె తెచ్చి పెద్దల్లుడి సంగటి మీద ఒంచేసేవారు. గిన్నె నా దాకా వచ్చేసరికి అందులో వాసన మాత్రం మిగిలేది. ఆ వాసనతోనే నేను సంగటి తిన్నాను, దాంతోపాటు బోలెడంత కుళ్ళు కూడా మింగాను.

ఎందుకంటే ఆ టోపీ సంగతి నాకు తెలుసు. యాజమాన్యం అతనికి ఇచ్చింది టోపీ ఒక్కటే. పని పాతదే. పెట్టెలు మోసేవాడు, తొట్టి కడిగేవాడు, యంత్రంలో టెంకలు ఇరుక్కుంటే భుజం దాకా చెయ్యి దూర్చి తీసేవాడు. ఒకరికి సెలవిచ్చే అధికారం గానీ, ఒకరిని గట్టిగా మందలించే అధికారం గానీ అతనికి లేదు. “ఇంట్లో అనొద్దు తమ్ముడూ” అని ఒకసారి బతిమాలుకున్నాడు. అనలేదు. పిల్లలు బెల్లంముక్క దాచుకున్నట్టు, ఎప్పటికైనా అత్తగారి ముందు అనాలని ఆ మాటను దాచుకున్నాను.

నేను ఆ ఫ్యాక్టరీ వదిలి ధర్మపురిలో ఒక ఎరువుల కొట్టులో చేరిన తరువాతి మామిడి కాలంలో, కొన్ని డ్రమ్ముల గుజ్జు పులిసి ఉబ్బింది. ఎవరో ఒకరి తప్పు కావాలి కదా, ఎర్రటోపీ దూరానికి కూడా బాగా కనబడుతుంది. మెమో లేదు, విచారణ లేదు, రేపటినుంచి రావద్దని గేటు దగ్గరే చెప్పేశారు. ‘నా ఇష్టంతోనే మానుకుంటున్నాను’ అన్న కాగితం మీద సంతకం పెట్టమంటే మాత్రం అతను పెట్టలేదు. అతని జీవితంలో నేను కుళ్ళుకోకుండా మెచ్చుకున్న పని అదొక్కటే.

ఉద్యోగం పోయినవాడికి మర్యాద తగ్గుతుందని మీరనుకుంటారు, నేనూ అలాగే ఆశపడ్డాను. జరిగింది వేరు. అత్తగారు సాయంత్రాలు అతనికోసం పొంగణాలు పోయడం మొదలుపెట్టారు. “వేల పోయినోడు, పాపం, తిననీండి” అనేవారు. మా వైపు ఉద్యోగాన్ని అరవంలోలాగా వేల అంటారు. ఉద్యోగం పోనందుకు నాకు చల్లారిన సంగటి.

“నన్ను కూడా తీసేస్తే మీయమ్మ పొంగణాలు పోస్తుందా?” అని నా భార్యనడిగాను.

“మిమ్మల్ని తీసేస్తే మీయమ్మ పొయ్యాల” అంది.

కేసు వేద్దామని మేము వెళ్ళిన వకీలమ్మ బలే నిదానస్తురాలు. విచారణ లేకుండా తీసేయడం చెల్లదనీ, ముందు లేబర్ ఆఫీసరు దగ్గర రాజీకి పిలిపిద్దామనీ, అక్కడ తెమలకపోతే సేలంలో లేబర్ కోర్టుకు పోవచ్చుననీ, అయితే గడువు దాటకుండా పోవాలనీ పప్పులో ఉప్పు వేసినంత తేలిగ్గా చెప్పింది. రాజీకి కంపెనీ మనిషి వచ్చాడు, నవ్వాడు, టీ తాగాడు, పోయాడు. సేలం చేరాం. అక్కడ కంపెనీ వకీలు ఒకే మాట పట్టుకున్నాడు: ఈ చట్టం కార్మికుల కోసం, ఇతను సూపర్‌వైజరు, కాబట్టి ఈ కోర్టు తలుపు ఇతనికి తెరుచుకోదు.

చట్టం హోదా పేరును చూడదు, చేతులు ఏ పని చేశాయో చూస్తుంది, ‘నేను సూపర్‌వైజర్ని కాదు’ అని కోర్టులో చెప్పు చాలు అంది వకీలమ్మ. మా తోడల్లుడు తల అడ్డంగా తిప్పాడు. ఇద్దరు పిల్లలున్నారు, వేరే ఫ్యాక్టరీలవాళ్ళు గొడవ మనిషని దగ్గరికి రానివ్వడంలేదు, అయినా సరే.

“అత్త ముందర ఆ మాట ఎట్లా చెప్పేదక్కా? వేల పోయినా పోనీ” అన్నాడు.

లోపల పనిచేసేవాళ్ళు సాక్ష్యానికి భయపడ్డారు. బయట ఉన్నది నేనొక్కడినే. అందరూ నావైపు తిరిగారు. నేను ఎంతో బరువుగా, ఎంతో త్యాగంగా, సరేనన్నాను. లోపల మాత్రం దాచుకున్న బెల్లంముక్క కరగడం మొదలైంది. జన్మలో అంత ఉత్సాహంగా నేను సేలం బస్సెక్కలేదు. దానికి తోడు, పెద్దల్లుడు గెలవడం కళ్ళారా చూడాలని అత్తగారు పట్టుచీర కట్టుకుని, పులిహోర డబ్బాతో సహా బయలుదేరారు.

కోర్టులో చివరి బెంచీ మీద అత్తగారు. బోనులో నేను. మా తోడల్లుడు తల వంచుకుని తన చేతులే చూసుకుంటున్నాడు. నేను చెప్పాను. పెట్టెలు మోసేవాడన్నాను, తొట్టిలో దిగి పాచి గీకేవాడన్నాను, యంత్రం పళ్ళు గీరుకుని మోచేతి మీద పడిన మచ్చ ఇప్పటికీ ఉందన్నాను. ఇన్నేళ్ళూ దాచుకున్న మాట, నోట్లోంచి వస్తుంటే తీపి ఏమీ తగల్లేదు. అతని చెవులు ఎర్రబడటం చూస్తూ చెప్పడం వల్ల కాబోలు.

అప్పుడు కంపెనీ వకీలు ఒక ఫోటో తీశాడు. నా పెళ్ళి ఫ్లెక్సీ. ఇది మీ కుటుంబం కట్టిందే కదా, ఇందులో సూపర్‌వైజర్ అని ఉందా లేదా అని అరవంలో గద్దించాడు.

“ఉంది సార్. పక్కన నా బొమ్మ కింద ఏముందో అది కూడా చదవండి” అన్నాను.

ఆయన చదవలేదు. జడ్జిగారు కళ్ళద్దాలు సవరించుకుని తానే చదివారు: ‘సోగత్తూరు సింహం’.

“నాకు బొద్దింకంటే భయం సార్” అన్నాను. “కావాలంటే మా అత్తగారు వెనకే ఉన్నారు, అడగండి.”

అడగకుండానే వెనకనుంచి “అవును సార్, నిజమే!” అని వినిపించింది. కోర్టు నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు గానీ, ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టారు. కొన్ని నెలలకు ఉత్తరువు వచ్చింది. అతను చేసింది కార్మికుడి పనే, విచారణ లేకుండా తీసేయడం చెల్లదు, తిరిగి చేర్చుకోవాలి.

సాక్ష్యం చెప్పిన రోజే తిరుగు బస్సెక్కాం. తొప్పూరు ఘాటు దాటాక అత్తగారు మా తోడల్లుడి చొక్కా చెయ్యి పైకి మడిచి ఆ మచ్చ చూశారు.

“ఇన్ని దినాలు ఇంత మోసినావా నాయనా, ఒక మాట చెప్పలేదే” అని పులిహోర డబ్బా తెరిచి మొత్తం అతని ఒళ్ళో పెట్టారు. సింహం కిటికీలోంచి కొండలు చూసింది.

అదే ఫ్యాక్టరీ ముందునుంచి ఇప్పటికీ రోజూ వెళ్తుంటాను. ఇప్పుడంతా కాంట్రాక్టు మనుషులట. ఎవరినైనా వద్దనుకుంటే వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తారట, గేటు దాకా వచ్చి ముఖం మీద చెప్పేవాడు కూడా లేడు. అక్కడ ఎవరు ఎవరికి సాక్షి, ఎవరికి ఎవరు తోడల్లుడు, నాకు తెలియదు. మా తోడల్లుడు ఇంకొన్ని మామిడి కాలాలు తెల్లటోపీతో పనిచేసి, తనంతట తానే మానుకుని ఆటో కొనుక్కున్నాడు. డాక్టరు అతనికి నెయ్యి మాన్పించాడు, అందుకని గిన్నె ఇప్పుడు నిండుగానే నా దగ్గరికి వస్తోంది. కావలసినంత వేసుకుంటాను. కానీ ఆ రోజుల్లో ఒట్టి వాసనకున్న రుచి దీనికి లేదు.

మొన్న గాలికి ఫ్లెక్సీ అంచు లేస్తుంటే అత్తగారు ఒక బండరాయి తెచ్చి సరిగ్గా నా ముఖం మీద పెట్టారు. చినుకులు మొదలయ్యాయి. అప్పుడే ఆటో దిగి మిద్దెక్కిన మా తోడల్లుడు వంగి, ఆ రాయెత్తి ఫ్లెక్సీలోని తన ముఖం మీద పెట్టుకున్నాడు. గాలికి ఆ వైపే ఎక్కువ లేస్తోందన్నాడు.

ఏం చెప్పను, ఆ రాయి కూడా నాకంటే అతనికే బాగా కుదిరింది.